వసతిగృహమున పిల్లల కంచము



జూన్ మాసమున బడులు తెరచు వారములో మార్కాపురము బస్సుల నిలయమున ఒక గంటసేపు కూర్చున్నచో ఒకే దృశ్యము పదేపదే కనబడును. తండ్రి నెత్తిమీద ట్రంకుపెట్టె, తల్లి చేతిలో గుడ్డసంచి, వారి వెనుక పన్నెండు పదమూడేండ్ల పిల్లవాడో పిల్లయో. ఆ సంచిలో, మూతికి పాతబట్ట బిగించి కట్టిన ఊరగాయ సీసా తప్పక యుండును. ఆ సీసాను నేనెరుగుదును. ఆరేండ్లపాటు అట్టి సీసాను నేనును మోసితిని. అక్కడి కూర నోటికి పోకున్నను ఈ పచ్చడి కలుపుకొని నాలుగు ముద్దలు తినునని తల్లికి ధైర్యము. వసతిగృహమునకు పంపిన పిల్లల తిండినిగూర్చి మన గ్రామములలో జరుగు ఆలోచన చాలవరకు ఆ సీసాతోనే ముగియుచున్నది. అటుపిమ్మట మనము అడుగునది మార్కులనుగూర్చియే.

మన ప్రాంతమున ఈ విషయమును ప్రత్యేకముగా తలపోయుటకు కారణమున్నది. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలోనివి. ఏ జిల్లాలో నున్నను మనది మెట్టయే. కంభము చెరువుక్రింద వరి పండినదిగాని, తక్కిన నేల కొర్ర, సజ్జ, జొన్న, కంది ఇచ్చిన నేల. వాన మొగము చాటువేసిన యేట జనము గుంటూరు మిరప కోతలకును, హైదరాబాదు, బెంగుళూరులలో ఇండ్లు కట్టు పనులకును తరలిపోవుదురు. వారు పోయిన యింట పొయ్యి చల్లారును. అప్పుడు ఆ పిల్లలకు వసతిగృహపు పొయ్యియే యింటి పొయ్యి. సంక్షేమ వసతిగృహములు, గురుకులములు, నల్లమల చెంచు బిడ్డల ఆశ్రమ పాఠశాలలు, తర్లుపాడు చేరువ కలుజువ్వలపాడులోని నవోదయ విద్యాలయము, 2004లో మొదలైన పథకముచే వెలసిన కస్తూర్బా బాలికా విద్యాలయములు, వీనిలో ఏదియైనను సరే, పెరుగు వయసున నున్న పిల్లలు ఏటికి పదినెలలు తినునది మనము వండిన అన్నము కాదు.

పెరుగు వయసనగా ఎంత ఆకలియో మనము మరచిపోయినాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో ప్రకటించిన లెక్క వినుడు. ఒక మోస్తరు శ్రమచేయు పెద్దమనిషికి దినమునకు 2710 కేలరీల శక్తినిచ్చు ఆహారము కావలెను. పదుమూడు మొదలు పదునైదేండ్ల పిల్లవానికో, 2860 కావలెను. అనగా మీ యింటి పాలేరుకంటె మీ మనుమనికి ఎక్కువ కావలెనన్నమాట. అదే వయసు ఆడపిల్లకు 2400. ఆమె తల్లికి 2130 చాలును. ఇనుము సంగతి మరియు వింత. పెద్ద పురుషునికి దినమునకు 19 మిల్లీగ్రాములు కావలసియుండగా పదునాలుగేండ్ల బాలికకు 30 కావలెను. ఇంటిలో మగవారందరు తిన్నపిమ్మట అడుగూ బొడుగూ తిను ఆడపిల్లకే ఇనుము ఎక్కువ కావలసియున్నది.

నా చిన్ననాటి మాట ఒకటి చెప్పెదను. ఊరిపేరు వలదు. మాకు సాయంకాలము ఆరున్నరకు గంట కొట్టుదురు. గంట వినగానే చిన్నపిల్లలు ఆకలికి తాళలేక కంచములు మోగించుచు పరుగెత్తుదురు. పెద్ద తరగతుల వాండ్రు కాళ్లు చేతులు కడుగుకొని నిదానముగా వత్తురు. వారి నిదానములోని మర్మము నాకు ఆరునెలలకు గాని తెలియలేదు. గుండిగలోని పప్పుచారులో పప్పు అడుగున దిగియుండును. ముందు నిలిచిన చిన్నవాండ్రకు పైతేట, వెనుక వచ్చిన పెద్దవాండ్రకు అడుగుపప్పు. వంటయ్య దొంగ కాడు, పక్షపాతి కాడు. ఇన్నూరుమందికి వండి అలసిన చేయి, గరిటెను పైపైననే ముంచుచుండెను. ఆ తేట పులుసులో అన్నము నానదు గనుక మేము సీసా మూత విప్పి పచ్చడి కలుపుకొందుము. నెలలో సీసా ఖాళీ. తరువాత ఉత్త గొడ్డుకారమే గతి.

ఒకనాడు రాచర్ల ప్రక్కనుండి ఒక పిల్లవాని తాత వచ్చెను. మనుమని చూచిపోవ వచ్చినవాడు బస్సు తప్పి ఆ రాత్రికి ఆగి, మాతోపాటు బంతిలో కూర్చుండెను. తన కంచములోనికి పడినదానిని చూచి ఏమియు అనలేదు. లేచి గుండిగయొద్దకు పోయి, వంటయ్య చేతిలోని గరిటె తాను తీసుకొని అడుగంట దించి నాలుగుమారులు త్రిప్పి, "గరిటె అడుక్కంటా పోనీ నాయనా, పప్పు నిద్రపోతా ఉంది, లేపాల" అని మరల యిచ్చెను. అంతే. కోపము లేదు, ఫిర్యాదు లేదు. ఆ తాత మరల రాలేదుగాని, పిల్లలము ప్రతిదినము "పప్పు లేపు వంటయ్యా" అని అరచుటకు నేర్చుకొంటిమి. ఆ యేటనుండి ముందు నిలిచిన వారికిని పప్పు దక్కెను.

ఇక అన్నము. మన మెట్టసీమలో వరియన్నము పండుగ నాటి భోజనమై యుండెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట గదా ప్రతి పొయ్యిమీదికిని అది ఎక్కినది! ఆ బియ్యము ఎన్ని కడుపులు చల్లబరచెనో నేను కన్నులార చూచితిని. దానిని తక్కువచేసి మాటలాడువాడు ఆకలి నెరుగనివాడు. అయినను ఒక చిక్కు వచ్చినది. వరియన్నము తినుట గౌరవమనియు, కొర్రన్నము, సంగటి తినుట లేమికి గుర్తనియు మనమే పిల్లలకు నేర్పితిమి. నేను ఉపాధ్యాయుడనుగా నున్నపుడు ఒక వసతిగృహమున వారమునకొకనాడు కొర్రన్నము పెట్టింపజూచితిమి. మూడవ వారమున నలుగురు పెద్దలు వచ్చి, "మా ఇంటికాడ లేకనా సార్, వరన్నం తింటాడనే గదా మీ కాడికి పంపినాం" అని కూర్చుండిరి. వారిని నేను తప్పు పట్టజాలను. కొర్రన్నము మాత్రము ఆగిపోయినది.

కూనూరులో మెకారిసన్ అను వైద్యుడు 1920 ప్రాంతముల ఎలుకలపై ఒక పరీక్ష చేసెను. మన దేశములో ఒక్కొక్క సీమవారు తిను తిండిని ఒక్కొక్క గుంపు ఎలుకలకు పెట్టి పెంచెను. గోధుమరొట్టె, పప్పు, పాలు, ఆకుకూరలు గల పంజాబువారి తిండి తిన్నవి బలిసి పెరిగినవి. తెల్ల బియ్యమే ముఖ్యముగా నున్న మద్రాసు వారి తిండి తిన్నవి చిక్కి రోగముల పాలైనవి. ఆయన నెలకొల్పిన సంస్థయే పిమ్మట హైదరాబాదునకు తరలి నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. ఆ పరీక్ష చూపినది బియ్యము విషమని కాదు. బియ్యము చుట్టు ఏమున్నదను మాటయే ముఖ్యమని. పాలిష్ పట్టిన బియ్యము నూరు గ్రాములలో సున్నము పది మిల్లీగ్రాములకు మించదు. అంతే తూకము రాగులలో 350 పైచిలుకు కలదు. సజ్జలలో ఇనుము బియ్యముకంటె పలురెట్లు హెచ్చు. మన బడి భోజనములో 2023లో రాగిజావ చేర్చిరి. 2025 జూన్ నుండి వసతిగృహములకు సన్నబియ్యము ఇచ్చుచున్నారు. సన్నబియ్యము వచ్చినదని సంతసించినవారు పెక్కురు. రాగిజావ వచ్చినదని సంతసించిన పెద్దను నేను ఇంకను చూడలేదు.

జొన్న విషయములో మాత్రము ఒక హెచ్చరిక. మన నీటిలో ఫ్లోరైడు దోషము గలదు. నెల్లూరు జిల్లాలో ఈ రోగమునుగూర్చి వైద్యులు 1937లోనే ప్రకటించిరి. దేశములో దీనిని గుర్తించిన మొదటి చోట్లలో అది యొకటి. ఫ్లోరైడు నీటి గ్రామములలో జొన్న తినువారి దేహమున అది బియ్యము తినువారికంటె ఎక్కువగా నిలుచునని హైదరాబాదు సంస్థవారు 1970 తరువాతి పరిశోధనలలో చూపిరి. కనుక పూర్వపు తిండియంతయు మేలని కన్నులు మూసికొని చెప్పుటయు తగదు. ఆ నీటిని కాచినంతమాత్రమున దోషము పోదు, సరికదా నీరు ఇగిరినకొలది చిక్కబడును. వసతిగృహమునకు పోయినవారు త్రాగునీరు ఎక్కడిదని మాత్రమే అడుగుదురు; పప్పు వండు నీరు ఎక్కడిదని కూడ అడుగవలెను. శుద్ధిచేసిన నీటి డబ్బాలు త్రాగుటకు తెచ్చి, ఎసటికి బోరునీరు పోయుట నేను చూచితిని. సున్నము గల తిండి, అనగా పాలు, మజ్జిగ, రాగి, ఆకుకూర, చాలినంత తిను పిల్లల యెముకలకు ఈ దోషము కొంత తక్కువగా సోకును.

ఇప్పుడు చెప్పబోవునది చెప్పుట నాకు కష్టము. నా తరగతిలో ఒక బాలిక యుండెను. తల్లిదండ్రులు వలసపోయిరి, ఆమె వసతిగృహమున నుండెను. పదవ తరగతిలో దసరా దాటినప్పటినుండి ఆమె బల్లమీద తల వాల్చి నిద్రపోవుచుండెను. సోమరియని అందరు ననిరి. నేనును అంటిని. ఒకనాడు నిలుచుండబెట్టి పదిమందిలో మందలించితిని. మరునాటి ప్రార్థనలో ఆమె నిలుచున్నచోటనే కూలిపోయెను. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయగా, 12 గ్రాములుండవలసిన హిమోగ్లోబిను 7 మాత్రమే యుండెను. అది తీవ్రమైన రక్తహీనత. ఆమె నిద్రపోలేదు, ఆమె దేహమునకు మేలుకొనియుండు శక్తి లేదు. విచారించగా, ఆమె నెలలతరబడి పచ్చడియన్నమును రాత్రి చారునీళ్లును మాత్రము తినుచుండెనట. వారమువారము ఇచ్చు నీలపు ఇనుపమాత్ర కడుపులో త్రిప్పుచున్నదని కిటికీలోనుండి పారవేయుచుండెనట. ఊరినుండి పెదనాయన వచ్చి "దీనికి చదువు ఎక్కదు, పెండ్లి చేసేస్తాం" అనెను. వార్డెనమ్మ ససేమిరా ఒప్పుకొనలేదు. ఆ యేడు పరీక్ష తప్పిపోయినది. మరుసటి యేట వ్రాసెను, ఉత్తీర్ణురాలయ్యెను. నేను పలికిన మాట మాత్రము ఇప్పటికిని నా చెవిలో నున్నది.

ఇది ఒక్క పిల్ల సంగతి కాదు. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమున పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఇనుపమాత్ర ఉత్తకడుపున త్రిప్పును; భోజనానంతరము మ్రింగిన అంతగా త్రిప్పదు. అన్నము తిన్నవెంటనే టీ త్రాగుట తిన్న ఇనుమును వ్యర్థము చేయును. పప్పులో ఒక నిమ్మచెక్క పిండినను, ఒక జామపండు తినినను ఆకుకూరలోని ఇనుము దేహమునకు బాగుగా పట్టును. ఇవి పెద్ద ఖర్చులు కావు. గ్రుడ్డు తినని యింటి పిల్లలకు వేరుసెనగ ఉండయు నువ్వుల చిమ్మిలియు ఉన్నవి.

ఆరున్నరకు తిన్న పిల్లవానికి మరునాటి ఉదయము ఏడున్నరవరకు నోటిలో ఏమియు పడదు. పదుమూడు గంటలు! ఆ నడుమ రెండుగంటలు చదువు. ఎనిమిదిగంటలకు గుప్పెడు గుగ్గిళ్లు పెట్టిన చోట, అవి అలసందలు గానీ శనగలు గానీ ఉలవలు గానీ, పిల్లలు దుకాణపు రంగుల పొట్లములకై గోడ దూకుట తగ్గినదని నాకొక వార్డెను చెప్పెను. నేను స్వయముగా గోడ దూకినవాడను గనుక నమ్మితిని.

విద్యాహక్కు చట్టము 2009 ప్రకారము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను. వలసపోయిన తల్లిదండ్రులు ఎట్లు వత్తురు? ఊరిలో మిగిలినది అవ్వాతాతలమే. కనుక పోవలసినవారము మనమే. పోయినప్పుడు వార్డెను గదిలో కుర్చీలో కూర్చుండి కాఫీ త్రాగి రావలదు. పిల్లలతో బంతిలో కూర్చుండి, వారి కంచములో పడినదే తినవలెను. తిన్నపిమ్మట పెరటిలోని ఎంగిలి తొట్టిని చూడవలెను. అందు అన్నము మిగిలియున్నదా, కూర మిగిలియున్నదా యనునది పట్టికలకంటె నిజము చెప్పును. వంటవారిని గద్దింపవలదు. కట్టెలో గ్యాసో, జీతము వచ్చినదో లేదో, ఎందరికి ఎందరు వండుచున్నారో అడిగినచో వారే తక్కినది చెప్పుదురు. 2024లో మన బడి భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గోదావరి లంకలలో 1909వరకు జీవించిన ఆ తల్లి తన చేతితో వడ్డించినది గాని, పట్టిక వ్రాసి గోడకు తగిలించలేదు.

గిద్దలూరు వైపు ఒక బాలికల వసతిగృహమున, నాకు తెలిసిన ఒక వృద్ధుడు రెండేండ్లక్రితము తొలకరికి తన దొడ్డిలోని మునగకొమ్మలు పదకొండు నరికి తెచ్చి, పాత్రలు కడిగిన నీరు పారు కాలువ వెంబడి నాటించెను. రెండింటిని మేకలు తినివేసినవి. తొమ్మిది బ్రదికినవి. మొన్న నేను పోయినపుడు వంటావిడ, ఆడపిల్లలు ఆకు దూయుచు కొమ్మలు విరుగగొట్టుచున్నారని నాతో మొరపెట్టుకొనెను. మునగాకు పప్పు ఆదివారమున్నదట. గరిటె అడుగంట పోవుచున్నదో లేదో చూచుటకు నేను ఆ ఆదివారమువరకు ఆగితిని. పోవుచున్నది.