తూకం కార్డులో గీత



ఇందాకటి నుంచి మన ధింసా గురించి, మన భాష గురించి మాట్లాడుకున్నాం. వాటిని రేపు మోయాల్సింది ఇప్పుడు ఊయలలో ఉన్నవాళ్లు. అందుకే అంగన్‌వాడీలో వేలాడే తూకం సంగతి కూడా ఇక్కడే ఎత్తుతున్నాం.

బిడ్డ బొద్దుగా ఉంటే బలమనీ, సన్నగా ఉంటే నాన్న పోలికనీ అనేసి ఊరుకుంటాం. ఒక్కరోజు తూకంతో ఏదీ తేలదు. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ కొంచెం తగ్గుతుంది, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టిన బరువుకు రావాలి. సుమారు 5 నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతుంది. 2.5 కిలోల లోపు పుట్టిన బిడ్డను మరింత కనిపెట్టుకోవాలి.

నెలనెలా కార్డులో పెట్టే చుక్కలు కలిపితే గీత వస్తుంది. ఆ గీత పైకి పోతుండాలి. ఆకుపచ్చ రంగులోనే ఉంది కదా అని ఊరుకోవద్దు. గీత అడ్డంగా సాగినా, కిందికి దిగినా ఆ నెలే ఆశా అక్కను అడగాలి. బిడ్డ కళ్లకు బాగానే కనిపిస్తుంది, గీతే ముందు చెబుతుంది. ఒక్క మెలిక ఉంది: రెండు పాదాలూ ఉబ్బితే నీరు చేరి తూకం పెరిగినట్టు చూపిస్తుంది. అది ఎదుగుదల కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక తిండి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. 6 నెలలు నిండేదాకా తల్లిపాలే, ఎండాకాలంలో కూడా వేరే నీళ్లు అక్కర్లేదు. తేనె మన అడవిదే, మనకు గొప్పదే. కానీ ఏడాది నిండని బిడ్డ నాలుకకు రాయొద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో పెరిగి విషం పుట్టిస్తుంది. ఈ మాట అవ్వలకు నొప్పి కలగకుండా మనమే చెప్పుకోవాలి.

ఆరు నెలలు నిండాక చాలా ఇళ్లలో పల్చటి చోడి అంబలి పడతారు. చోళ్లు మంచివే, చిక్కంతా నీళ్లతోనే. చిన్న పొట్ట నీళ్లతో నిండిపోతే బలం ఎక్కడి నుంచి వస్తుంది? చెంచా వంచితే జారిపోనంత చిక్కగా కాచి, పప్పో, మెత్తగా నూరిన వేరుశనగో, కొంచెం నూనో కలపాలి. ఉడికిన గుడ్డు మెదిపి పెట్టొచ్చు. తల్లిపాలు రెండేళ్లు దాటినా మానక్కర్లేదు. డబ్బా పాలపొడికి పెట్టే డబ్బు బాలింత కంచంలో పెడితే మేలని మా అభిప్రాయం. పథ్యం పేరుతో ఆమెకు పప్పు, ఆకుకూర, గుడ్డు మాన్పించొద్దు.

తమ్ముళ్లూ, ఇది ఆడవాళ్ల పని అనుకోకండి. తల్లి పోడుకు పోయిన రోజున బిడ్డను తూకానికి ఎత్తుకెళ్లేది ఎవరు? బండి ఉన్నది మీకు, కార్డు చదవగలిగేది మీరు. ఈ నెల తూకం రోజెప్పుడో ఇంటికెళ్లగానే కనుక్కోండి. మీ ఇంట్లో, పక్కింట్లో ఉన్న కార్డులు తెరిచి చివరి మూడు చుక్కలు చూడండి.