డిలీట్ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి!

ఈరోజు ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడతాను. ఆ తప్పు నాదే.

కొన్ని నెలల క్రితం మా కాలేజీ జూనియర్ ఒకమ్మాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. ఒకటే ఏడుపు. "అన్నా, ఎవడో నా పేరుతో ఇన్‌స్టాలో ఫేక్ అకౌంట్ పెట్టాడు. నా ఫొటోలు మార్ఫింగ్ చేసి క్లాస్ వాళ్లందరికీ పంపుతున్నాడు. నాన్నకి తెలిస్తే చదువు మానిపించేస్తారు" అంది. నేనేమో అన్నీ తెలిసినవాడిలా, "ఏం కాదమ్మా, బ్లాక్ చేసి ఆ చాట్ మొత్తం డిలీట్ కొట్టెయ్, పట్టించుకోకు" అన్నాను. పాపం, చెప్పినట్టే చేసింది.

రెండు వారాలకి అవే ఫొటోలు ఇంకో అకౌంట్ నుంచి వచ్చాయి. ఈసారి డబ్బులు కూడా అడిగాడు. ఇక దాచలేక ఇంట్లో చెప్పేసింది. స్టేషన్‌కి వెళ్తే అడిగిన మొదటి మాట, "మొదటి అకౌంట్ లింక్ ఏదమ్మా?" లేదు. నా సలహా విని అంతా తుడిచేసింది. అదృష్టం కొద్దీ ఒక ఫ్రెండ్ ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు మిగిలాయి. ఇప్పుడు కేసు వాటి మీదే నడుస్తోంది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ లాగ్స్ చూసి బగ్స్ పట్టుకున్నవాణ్ణి నేను. లాగ్ లేకపోతే ఏమీ దొరకదని తెలిసి కూడా డిలీట్ చేయమన్నాను. అందుకే ఈ వీడియో.

మొదటి విషయం, ముందు సాక్ష్యం, తర్వాతే బ్లాక్. స్క్రీన్‌షాట్‌లో యూజర్‌నేమ్, తేదీ, టైమ్ కనిపించాలి. ప్రొఫైల్ లింక్ ఒక్కటే సరిపోదు, వాడు యూజర్‌నేమ్ మార్చాడంటే అది పనిచేయదు. అందుకని ఒక్కో పోస్ట్ లింక్ విడిగా కాపీ చేసుకోండి. ప్రొఫైల్ మొత్తం స్క్రోల్ చేస్తూ స్క్రీన్ రికార్డింగ్ తీయండి. కేసు తేలేదాకా ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. ఇంకొకటి, "చూడండి వీడేం పెట్టాడో" అని ఆ ఫొటోని గ్రూపుల్లో ఫార్వర్డ్ చేయొద్దు. అశ్లీల ఫొటో పంపడం ఐటీ చట్టం సెక్షన్ 67 ప్రకారం నేరమే.

లేట్ కూడా చేయకండి. 2021 ఐటీ రూల్స్ ప్రకారం, కంపెనీలు తీసేసిన కంటెంట్‌నీ, మూసేసిన అకౌంట్ వివరాలనీ దర్యాప్తు కోసం 180 రోజులు దాచాలి. ఆ తర్వాత ఉంటాయన్న గ్యారంటీ లేదు.

రెండోది, ఆ ఫొటోలు తీయించడం. నగ్న ఫొటోలు, మార్ఫింగ్, మన పేరుతో ఫేక్ అకౌంట్, వీటి మీద మనం గానీ మన తరఫున ఎవరైనా గానీ ఫిర్యాదు చేస్తే, తీసేయడానికి ఆ రూల్స్‌లోనే మొదట 24 గంటల గడువు పెట్టారు, 2026లో దాన్ని 2 గంటలకి తగ్గించారు. రిపోర్ట్ బటన్‌తో ఆగిపోకండి, ఆ యాప్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. న్యాయం జరగలేదనిపిస్తే 30 రోజుల్లో గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి వెళ్లొచ్చు. ప్రైవేట్ ఫొటోలు బయటపెడతానని ఎవడైనా బెదిరిస్తుంటే 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే సైట్ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు. దాని హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి ఒక కోడ్, మాత్రమే వెళ్తుంది. దాంతో అందులో చేరిన యాప్‌లు ఆ ఫొటోని గుర్తుపట్టి ఆపగలవు. 18 ఏళ్ల లోపు వాళ్లకి ఇలాంటిదే 'టేక్ ఇట్ డౌన్'.

మూడోది కేసు. ఇక్కడే చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. ఫేక్ అకౌంట్, అశ్లీల ఫొటోలు, అమ్మాయిల వెంటపడి వేధించడం, బెదిరించి డబ్బులడగడం, ఇవన్నీ పోలీస్ కేసులు. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. "మా ఏరియా కాదు" అని స్టేషన్‌లో పంపించేస్తే, జీరో ఎఫ్‌ఐఆర్ అని అడగండి. ఎక్కడ జరిగినా తీసుకోవాల్సిందే, అది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173.

పరువు నష్టం మాత్రం వేరే దారి. బీఎన్‌ఎస్ సెక్షన్ 356 కింద రెండేళ్ల వరకు జైలు ఉంది కానీ, పోలీసులు నేరుగా కేసు కట్టరు. మనమే మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లాలి. నష్టపరిహారం కావాలంటే సివిల్ దావా, అదీ ఏడాదిలోపే వేయాలి. ఎవడైనా "66ఏ కింద లోపలేయిస్తా" అంటే నమ్మకండి, సుప్రీంకోర్టు దాన్ని 2015లోనే కొట్టేసింది. మనకి నచ్చని కామెంట్లన్నీ నేరాలు కావు, నిజాయితీగా చేసిన విమర్శ కూడా కాదు.

లాయర్‌కి డబ్బుల్లేవా? ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి. నిద్ర పట్టక, పిచ్చి ఆలోచనలు వస్తుంటే టెలీ మానస్, 14416. తెలుగులో మాట్లాడొచ్చు.

చివరిగా మా జూనియర్ సంగతి. నాన్నకి తెలిస్తే చదువు మానిపించేస్తారని భయపడింది కదా. స్టేషన్‌లో మూడు గంటలు పక్కన కూర్చున్నది ఆయనే. మర్నాడు కాలేజీ దగ్గర దింపింది కూడా ఆయనే. మొన్న తను ఫోన్ చేసి, "అన్నా, ఈసారి ఎవరైనా అడిగితే డిలీట్ చేయమని చెప్పకు" అంది. చెప్పను తల్లీ.

ఇలాంటి భయంతో ఉన్న ఒక్కరికైనా ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, బై.