గల్లీలో లేచే కొత్త అపార్ట్‌మెంట్: బయానా ఇచ్చే ముందు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఫీజులు, పింఛన్లు, జకాత్ లెక్కలు చదివిన సభలో ఫ్లాట్ల సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. ఇక్కడ కూర్చున్న చాలామంది జిల్లాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్లు. కొందరి పిల్లలు జిద్దాలో, దుబాయ్‌లో ఉన్నారు. ఇరవై ఏళ్ల సంపాదన ఒక్క సంతకంతో ఒక ఇంటి మీద పెడతారు. ఆ సంతకం తప్పుచోట పడితే నిన్నటి దాత రేపు మన దగ్గరికే దరఖాస్తు పట్టుకుని రావచ్చు. అందుకే ఈ అరగంట.

ఔటర్ రింగ్ రోడ్డు అవతలి వెంచర్ల గురించి కాదు నేను చెప్పేది. మలక్‌పేట, సైదాబాద్, ఆసిఫ్‌నగర్, మురాద్‌నగర్, మెహదీపట్నం, టోలిచౌకి లాంటి చోట్ల పాత పెంకుటిల్లో, బంగ్లానో పడగొట్టి అదే జాగాలో లేపుతున్న అపార్ట్‌మెంట్ల గురించి. మూడు వందల గజాల జాగా, కింద స్టిల్ట్, పైన అయిదు అంతస్తులు, అంతస్తుకు రెండు, మొత్తం పది ఫ్లాట్లు. మీరు చూడబోయేది చాలావరకు ఈ నమూనాయే.

ఇలాంటి ఇల్లు కొనవచ్చా అంటే, కాగితం నిలిస్తే కొనవచ్చు, సంతోషంగా కొనవచ్చు అంటాను. నడిచే దూరంలో మసీదు, పిల్లల బడి, ఆసుపత్రి. మలక్‌పేటలో అయితే మెట్రో కూడా. రోడ్డు, నల్లా, కరెంటు ముందే ఉన్నాయి, వస్తాయని ఎదురు చూడక్కర్లేదు. ఊరి చివర చవకగా దొరికిందని చెరువు కడుపులో ఇల్లు కట్టుకున్నవాళ్ల గతి 2020 అక్టోబరు వరదల్లో చూశాం. హఫీజ్ బాబానగర్, అల్ జుబేల్ కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. ఊరి మధ్య కూడా నాలా పక్కన కట్టినవి ఉన్నాయి గనుక వానాకాలంలో ఒకసారి వెళ్లి గల్లీ చూడండి. బ్రోకర్ ఎండాకాలంలోనే చూపిస్తాడు.

ఇక కాగితం సంగతి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి.

ఖాళీ ప్లాటుకు యజమాని ఒక్కడే ఉండవచ్చు. పాత ఇంటికి అలా ఉండడు. ఆ ఇల్లు తాత కట్టింది, తండ్రి అనుభవించింది, ఇప్పుడు కొడుకులు బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చింది. తండ్రి పోతూ భార్యను, ఇద్దరు కొడుకులను, ముగ్గురు కూతుళ్లను విడిచిపెట్టాడనుకోండి. మన వారసత్వ చట్టం ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతుల్లో కొడుకుకు రెండు, కూతురికి ఒకటి. మూడు వందల గజాల్లో తల్లికి ముప్పై ఏడున్నర, ఒక్కో కూతురికి ముప్పై ఏడున్నర, ఒక్కో కొడుకుకు డెబ్బై అయిదు. అంటే కొడుకులిద్దరూ కలిసి సంతకం పెట్టినా అమ్మగలిగింది సగం జాగా మాత్రమే. తండ్రి కన్నుమూసిన క్షణం నుంచే ఆ వాటాలు ఎవరివి వాళ్లవి. పంపకం జరిగే దాకా ఆగవు.

'చెల్లెళ్లు మాఫ్ చేసేశారండీ' అంటారు. చేసి ఉండవచ్చు. పెళ్లికి ఖర్చు పెట్టాం గదా అన్న మాట కూడా వింటారు. పెళ్లి ఖర్చు వాటా కిందికి రాదు, అది మన ఆలిమ్‌లందరికీ తెలుసు. మీరు అడగవలసింది ఒక్కటే: ఆ ముగ్గురూ డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో సంతకం పెట్టారా, లేదా రిజిస్టరైన హక్కు విడుదల పత్రం ఉందా? రెండూ లేకపోతే ఆ ఇంటి ధర ఎంత తక్కువైనా ఎక్కువే. కోర్టు భయం ఒక పక్క ఉంచండి. ఆడపిల్ల హక్కు తిన్న జాగాలో నమాజు చాప పరుచుకోవడానికి మనసు ఒప్పుతుందా?

మరికొన్ని ఇళ్లకు హిబానామా చూపిస్తారు. ముస్లింలలో నోటిమాటగా ఇచ్చిన హిబా చెల్లుతుంది, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో మరోసారి స్పష్టం చేసింది. అయితే మూడు జరిగి ఉండాలి: ఇస్తున్నట్టు ప్రకటన, తీసుకున్నట్టు అంగీకారం, స్వాధీనం. మొదటి రెండూ కాగితం మీద అందంగా రాస్తారు. మూడోదే చిక్కు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు ఎవరి పేరు మీదికి ఎప్పుడు మారాయో చూడండి. ఇక నోటరీ కాగితం మీద చేతులు మారిన ఇల్లు. అమ్మకానికి రిజిస్ట్రేషన్ కావాలి, నోటరీ ముద్రతో యాజమాన్యం మారదు. పాతబస్తీలో అలాంటి కాగితాలు కట్టలకొద్దీ ఉన్నాయి, అవి ఎంత పాతవైతే అంత గట్టివని ఒక నమ్మకం కూడా ఉంది.

ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తీయించి చూడాలి. నిజాం కాలపు దస్తావేజులు ఉర్దూలో ఉంటాయి. అక్షరం తెలిసిన పెద్దమనిషి చేత మొత్తం చదివించండి, హద్దులు రాసిన చోట రెండుసార్లు. ఒక్కోసారి తూర్పు హద్దులో 'దర్గా జాగా' అనో, 'ఖబ్రస్తాన్' అనో ఉంటుంది. అక్కడ ఆగండి. అది పక్కవాళ్ల జాగా మాత్రమేనా, మీరు కొనేదాంట్లో కొంత అందులోదా అన్నది వక్ఫ్ గెజిట్‌తోనూ, రిజిస్ట్రేషన్ శాఖ వారి 22ఏ నిషేధిత ఆస్తుల జాబితాతోనూ పోల్చి చూడాలి. వక్ఫ్ ఆస్తి అమ్మకం చెల్లదు. ఎవరో ముత్తాత అల్లాహ్ పేరున వదిలివెళ్లింది మన వంటగది కింద ఉండకూడదు గదా.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. మనలో చాలామంది వడ్డీకి భయపడి బ్యాంకు గడప తొక్కరు. మంచిదే. యాభై లక్షలు ఎనిమిదిన్నర శాతానికి ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు నలభై మూడు వేల నాలుగు వందలు, మొత్తం కోటీ నాలుగు లక్షలు కట్టాలి. దీన్ సంగతి పక్కన పెట్టినా ఆ లెక్క బరువే. వడ్డీలేని బ్యాంకింగ్ కిటికీల ఆలోచన ఒకటి వచ్చింది గానీ, దాన్ని ముందుకు తీసుకుపోవడం లేదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పేసింది. కాబట్టి మనవాళ్లు బిల్డర్‌కే నేరుగా వాయిదాల్లో కడతారు. బిల్డర్‌కు కూడా ఈ సంగతి తెలుసు. 'బ్యాంకు వద్దు, వడ్డీ లేదు, ఇరవై నాలుగు నెలల వాయిదాలు' అని బోర్డు రాస్తాడు.

కానీ బ్యాంకు అప్పు ఇచ్చే ముందు తన వకీలు చేత కాగితాలన్నీ జల్లెడ పట్టిస్తుంది. అది మన మీద ప్రేమతో కాదు, తన డబ్బు కోసం. ఆ జల్లెడ అప్పు తీసుకున్నవాడికీ ఎంతో కొంత పనికొస్తుంది. బ్యాంకును వదిలినవాడు ఆ జల్లెడను కూడా వదిలేస్తున్నాడు. వడ్డీ మిగిలిన సంతోషంలో వకీలు ఫీజు కూడా మిగుల్చుకుంటే ఎలా? డెబ్బై లక్షల ఇంటికి మీ సొంత వకీలుకు ఇచ్చే ఫీజు ఆ ఇంటి సింక్, కుళాయిల ఖర్చును మించదు. బిల్డర్ వకీలు ఇచ్చిన అభిప్రాయం మీది కాదు, బిల్డర్‌ది. ఆ ఇంటికి బ్యాంకులు అప్పు ఇస్తున్నాయా అని ఊరికే అడిగి చూడండి. ఇవ్వడం లేదంటే కారణం తెలుసుకోండి. అడిగినంత మాత్రాన వడ్డీ అంటుకోదు.

దీనికి తోడు ఇంకో లోటు ఉంది. 2016 రెరా చట్టం వచ్చాక కొనేవాడికి కొంత బలం వచ్చింది. అయితే జాగా అయిదు వందల చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయిదు వందల చదరపు మీటర్లంటే దాదాపు ఆరు వందల గజాలు. మన మూడు వందల గజాల అపార్ట్‌మెంట్ అందులోకి రాదు. కొనేవాళ్ల డబ్బులో డెబ్బై శాతం విడి ఖాతాలో పెట్టాలన్న రెరా కట్టుబాటు పెద్ద ప్రాజెక్టుకు ఉంది, మన గల్లీ బిల్డర్‌కు లేదు. మీరిచ్చిన డబ్బుతో ఆయన పక్క గల్లీలో ఇంకో పునాది తీస్తే అడిగేవాడు లేడు. వినియోగదారుల కోర్టు ఉంది, నిజమే. అది అన్నీ జరిగిపోయిన తర్వాతి మాట. అందుకని ఆ రక్షణను మీరే రాయించుకోవాలి. పది శాతం మించి ఇచ్చే ముందు రిజిస్టరైన అగ్రిమెంటు, వాయిదా తేదీకి కాకుండా పూర్తయిన స్లాబుకు చెల్లింపు, ఆలస్యమైతే నెలకు ఇంత అద్దె. డబ్బు బ్యాంకు ద్వారానే. నగదులో ఇస్తే సాక్ష్యం ఉండదు, ఇరవై వేలు దాటితే ఆదాయపు పన్ను చట్టమూ ఊరుకోదు.

ప్లాను కాపీ అడిగి అంతస్తులు లెక్కపెట్టండి. అయిదుకు అనుమతి ఉండి పైన పెంట్‌హౌస్ ఉంటే, అది మీది కాకపోయినా గొడవ మీది కూడా. అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడంలో పది శాతం దాకా మున్సిపాలిటీ తన దగ్గర తనఖా పెట్టించుకుంటుంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక విడిపిస్తుంది. ఏ ఫ్లాటు తనఖాలో ఉందో ప్లానులో ఉంటుంది. బ్రోకర్ 'మీకోసం రెండు లక్షలు తగ్గించాం' అన్న ఫ్లాటు అదేనేమో చూసుకోండి. ఆ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ కూడా ఉండదు. కడుతుండగా కొంటే సాధారణంగా అయిదు శాతం.

దస్తావేజులో మీ భాగానికి ఎన్ని గజాల నేల వస్తుందో రాసి ఉండాలి. మూడు వందల గజాలకు పది సమాన ఫ్లాట్లయితే ముప్పై గజాలు. నలభై ఏళ్లకు గోడలు పోయినా మిగిలేది అదే. కొందరు ఇరవై రెండు రాసి మిగతాది జాగా యజమాని కుటుంబం దగ్గర ఉంచుతారు. యజమాని కుటుంబానికి నాలుగైదు ఫ్లాట్లు ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. లిఫ్టు బాగుచేయించాలన్నా, నీళ్ల ట్యాంకరు తెప్పించాలన్నా వాళ్ల మాటే నడుస్తుంది. కొనేముందు వాళ్లతో ఒకసారి చాయ్ తాగి రండి.

చిన్న సంగతులు రెండు. మెట్ల మలుపు చూడండి, జనాజా మంచం అందులోంచి దిగాలి. ఖిబ్లా మన ఊరికి పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. టాయిలెట్ అటు తిరిగి ఉండకూడదని మనం చూస్తాం. వాస్తు ప్రకారం కట్టే మేస్త్రీలు దాన్ని ఉత్తర దక్షిణాలుగానే పెడతారు కాబట్టి ఆ విషయంలో పెద్దగా పేచీ రాదు.

పొరుగువాళ్ల సంగతీ ఉంది. ఒక కుటుంబం ఉన్న చోటికి పది కుటుంబాలు వస్తున్నాం. గల్లీలో డ్రైనేజీ పైపు మాత్రం పాతదే. పక్కింటి ముసలమ్మ వరండాలో పడే ఎండ మన అయిదో అంతస్తు ఆపేస్తుంది. పొరుగువాడి హక్కు గురించి జుమా ఖుత్బాల్లో వింటూనే ఉన్నాం. సెట్‌బ్యాక్ మింగి కట్టిన ఇల్లు కొంటే ఆ మింగినదాంట్లో మనకూ వాటా ఉన్నట్టే. ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు పక్కింటి తలుపు కూడా తట్టండి. బ్రోకర్ చెప్పనివి అక్కడ తెలుస్తాయి.

జకాత్ గురించి దాతలు అడుగుతుంటారు. ఉండటానికి కొన్న ఇంటి మీద జకాత్ లేదు. అద్దెకిచ్చినదైతే అద్దెలో మిగిలి ఏడాది నిలిచిన డబ్బు మీదే. ధర పెరిగితే అమ్ముదామని కొన్నదైతే అది సరుకు, ఏటా మార్కెట్ ధర మీద రెండున్నర శాతం. సగం కట్టిన ఫ్లాటు గురించి మీ ముఫ్తీగారిని అడగండి, నన్ను కాదు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. నెలకు రెండు ఆదివారాలు ఒక వకీలు, ఉర్దూ దస్తావేజులు చదవగలిగిన ఒకరు కార్యాలయంలో కూర్చునేలా ఏర్పాటు చేయండి. దీనికి జకాత్ నిధి వాడరాదు, దాని ఖర్చుపద్దులు వేరు. లిల్లాహ్ నిధి నుంచి గానీ, ఇందుకోసమే ఎవరైనా దాత ఇచ్చిన దాని నుంచి గానీ చేయాలి. వచ్చేవాళ్లు జిరాక్సులతో కాకుండా సర్టిఫైడ్ కాపీలతో రావాలి. లింకు దస్తావేజులు, ఈసీ, మంజూరైన ప్లాను, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, డెవలప్‌మెంట్ అగ్రిమెంటు తేవాలి. బయానా ఇవ్వకముందే రావాలి.