పరీక్షకు తగిన వయస్సు

బాధ కలిగినవారు వైద్యుని వెతుక్కుంటూ పోవడం అనాదిగా ఉన్నది. ఏ బాధా లేనివారిని వైద్యుడే పిలిచి, లోపల రోగమేమైనా దాగి ఉన్నదేమో చూడడం కొత్త ఆచారం. దీనినే స్క్రీనింగు అంటున్నారు. రొమ్ము కాన్సరు విషయంలో ఈ పరీక్ష స్త్రీలకు ఎన్నవ యేట మొదలుకావాలి? నలభైయా, నలభై అయిదా, యాభైయా? వినడానికి చిన్న ప్రశ్న. అయినా వైద్యలోకం దశాబ్దాలుగా దీనిపై వాదిస్తూనే ఉన్నది. ఆ వాదానికి మూలమేమిటో, అందులో మనకు పనికివచ్చేదేమిటో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

కథ 1963లో న్యూయార్కు నగరంలో మొదలైనది. అక్కడి ఆరోగ్య బీమా పథకం ఒకదానిలో చేరిన సుమారు 62,000 మంది స్త్రీలను రెండు భాగాలు చేశారు. అందరూ 40 నుండి 64 యేండ్ల లోపువారు. మొదటి భాగంవారిని యేటేటా పిలిచి, రొమ్ముకు ఎక్స్‌రే చిత్రం తీసి, చేతితో కూడ పరీక్షించారు. రెండవ భాగంవారికి ఎప్పటి వైద్యమే. పదేండ్లకు లెక్క చూడగా, మొదటి భాగంలో ఈ రోగంవలని మరణాలు నూటికి ముప్పై వంతున తగ్గినట్లు తేలినది. అయితే ఆ మేలు యాభై దాటినవారిలో త్వరగా, స్పష్టంగా కనిపించినది. నలభైలలో ఉన్నవారిలో ఆలస్యంగా, మసకగా కనిపించినది. వివాదానికి బీజం అక్కడనే పడినది.

ఈ తేడాకు రెండు కారణాలున్నవి. మామోగ్రామ్ అనే ఆ చిత్రంలో కాన్సరు గడ్డ తెల్లగా ఉంటుంది. చిన్న వయస్సున రొమ్ములోని కణజాలం దట్టంగా ఉండి, అదీ తెల్లగానే కనిపిస్తుంది. వెన్నెలలో మల్లెపువ్వును వెతకడం వంటిది ఆ పని. రెండవ కారణం, నలభైలలో ఈ రోగం అంత తరచుగా రాకపోవడం. అమెరికా నిపుణుల సంఘం కోసం 2009లో కట్టిన లెక్క ఇది: ఒక్క మరణం తప్పించడానికి 39 నుండి 49 యేండ్లవారిలో 1,904 మందిని పరీక్షకు పిలవాలి, యాభైలలో 1,339 మందిని, అరవైలలో 377 మందిని చాలు.

1,904 మందిలో ఒకతె ప్రాణం దక్కినది. ఆ ఒకతె ఎవరో ఆమెకే తెలియదు. తక్కినవారి మాటేమిటి? వారిలో అనేకులను అనుమానంతో మళ్ళీ పిలుస్తారు. కొందరికి సూదితో ముక్క తీసి చూస్తారు. ఏమీ లేదని తేలేవరకు వారికి నిద్ర ఉండదు. మరికొందరిలో, ఆయువు తీరేదాకా కీడు చేయని గడ్డ బయటపడుతుంది. ఏది కీడు చేసేదో, ఏది చేయనిదో విడదీసి చెప్పే ఉపాయం లేదు గనుక అన్నింటికీ శస్త్రచికిత్స తప్పదు. 2012లో బ్రిటనులో ఒక స్వతంత్ర సంఘం దీనిని తూచి చూచినది. యాభైవ యేటినుండి ఇరవై యేండ్లపాటు 10,000 మందిని పిలిస్తే 43 మరణాలు తప్పుతవి. 129 మందికి అక్కరలేని చికిత్స జరుగుతుంది అని అంచనా వేసినది. అంటే దక్కిన ఒక్కొక్క ప్రాణానికి ముగ్గురు మూల్యం చెల్లిస్తున్నారన్నమాట.

ఈ లెక్కలు అందరి ముందూ ఉన్నవి. అయినా తీర్పులు వేరు. 1997 జనవరిలో అమెరికాలో ఒక నిపుణుల సభ, నలభైలలోని స్త్రీలందరికీ పరీక్షను విధించడానికి ఆధారం చాలదన్నది. మరుసటి నెలలోనే ఆ దేశపు సెనేటు 98 ఓట్లతో, ఒక్క ఓటైనా ఎదురు లేకుండా, పరీక్షను సమర్థించినది. మార్చిలో జాతీయ కాన్సరు సంస్థ నలభైకే మొగ్గినది. 2009లో నిపుణుల సంఘం యాభైనుండి అన్నది. 2024లో మళ్ళీ నలభైనుండి, రెండేండ్లకొకసారి అన్నది. నలభైలలో రోగం పెరుగుతున్నదనీ, నల్లజాతి స్త్రీలు తెల్లవారికన్న నూటికి నలభై వంతులు ఎక్కువగా దీనివల్ల మరణిస్తున్నారనీ వారు చూపిన కారణాలు. బ్రిటను మాత్రం యాభైతోనే మొదలుపెట్టి, మూడేండ్లకొకసారి పిలుస్తున్నది.

కనుక ఇది లెక్కల తగవు కాదు, తూకపు తగవు. ఒక ప్రాణం ఒక తట్టలో, వందలమంది బెంగ, కొందరి వృథా చికిత్స ఇంకొక తట్టలో పెట్టినప్పుడు ఏది బరువో శాస్త్రం ఒక్కటే చెప్పలేదు. ఆ తూకంలో పరీక్ష చేయించుకొనే స్త్రీ మాటకు కూడ చోటుండాలి.

మన దేశంలో ప్రశ్న రూపమే వేరు. ఇక్కడి రోగులలో చిన్న వయస్సువారి పాలు పాశ్చాత్య దేశాలకన్న ఎక్కువ. దానికి కొంత కారణం జనాభాలోనే వారి పాలు ఎక్కువ కావడం. పల్లెటూళ్ళ ఆరోగ్య కేంద్రాలలో మామోగ్రామ్ యంత్రాలు లేవు. అందుచేత 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ రూపొందించిన పద్ధతిలో, 30 నుండి 65 యేండ్ల స్త్రీలకు అయిదేండ్లకొకసారి చేతితో చేసే పరీక్షనే నిర్ణయించారు. ఆ పరీక్ష విలువను బొంబాయి టాటా స్మారక ఆసుపత్రివారు 1998 నుండి ఇరవై యేండ్లపాటు పరిశీలించారు. మురికివాడలలోని లక్షన్నర మంది స్త్రీలలో సగంమందిని, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలైన స్త్రీలే రెండేండ్లకొకసారి పరీక్షించారు. 2021లో వెలువడిన ఫలితం ప్రకారం, యాభై దాటినవారిలో మరణాలు నూటికి ముప్పై వంతులకు దగ్గరగా తగ్గినవి. యాభై లోపువారిలో చెప్పదగినంత తగ్గుదల లేదు. యంత్రం లేకున్నా, తర్ఫీదు పొందిన చేయి ప్రాణం నిలపగలదని మనకు తెలిసినది. వయస్సు చిక్కు మాత్రం ఇక్కడా అట్లే నిలిచినది.

చివరగా ఒక ముఖ్యవిషయం. ఇంతవరకు చెప్పినదంతా ఏ లక్షణమూ లేనివారిని గురించి. తల్లికో, అక్కచెల్లెండ్రకో చిన్న వయస్సున ఈ రోగం వచ్చి ఉంటే, ఆ స్త్రీ నలభై వచ్చేవరకు ఆగక వైద్యుని సలహా తీసుకోవాలి. ఇక, చేతికి గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోనికి లాగుకొన్నా, దానినుండి రక్తం కనిపించినా, ఆమెకు ఈ వివాదంతో నిమిత్తం లేదు. ఆమె ముప్పైలో ఉన్నా, డెబ్బైలో ఉన్నా వెంటనే వైద్యునివద్దకు వెళ్ళాలి. నొప్పి లేదు గదా అని ఊరుకోరాదు. ఈ గడ్డ మొదట తరచుగా నొప్పి పెట్టదు. మగవైద్యునికి చూపడానికి సిగ్గుపడి, ఇంటి పనులు తెమలలేదని వాయిదా వేసి, రోగం ముదిరిన తరువాత ఆసుపత్రికి వచ్చే స్త్రీలు మన దేశంలో ఎందరో ఉన్నారు. నలభైయా, యాభైయా అన్నది పండితులు తేల్చనీయండి. గడ్డ కనిపించిన ఇల్లాలిని మరునాడే ఆసుపత్రికి తీసుకొనిపోవడం ఇంటివారి విధి.