హంతకుని పిస్తోలు - ఇటలీ దేశము



మొన్న మన పఠనాలయమున ఒక వాదము చెలరేగినది. గాంధీ మహాత్ముని బలిగొన్న పిస్తోలు ఇటలీ దేశపుదని ఎచ్చటనో చదివిన యువకుడొకడు, ఆ హత్యలో ఇటలీ హస్తము తప్పక యున్నదని బల్లగుద్ది చెప్పెను. పెద్దలలో గూడ కొందరు తల యూపిరి. 1921 మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు ఆ మహనీయుని చూచుటకు మన డెల్టా పల్లెలు తరలి వెళ్లినవి. అట్టివాని మరణమును గూర్చి మనము వదంతులు పలుకరాదని ఈ నాలుగు మాటలు.

పిస్తోలు మాట నిజమే. అది బెరెట్టా కర్మాగారమువారి 1934 నమూనా, సంఖ్య 606824. ఇటలీ సైనికాధికారులు అట్టి వానిని ధరించెడివారు. 1941లో తూర్పు ఆఫ్రికాయందు ఇటలీ సేనలు లొంగిపోయినప్పుడు, వారితో పోరినవారిలో భారత సైనికులును పెక్కుమంది యుండిరి. ఈ పిస్తోలు ఆ దారినే మన దేశము చేరినదని పలువురు వ్రాసిరి. వ్రాసినంతమాత్రమున ఋజువు కాదు. న్యాయస్థానమున ప్రభుత్వపక్షము చెప్పినది గ్వాలియరు కథ: హత్యకు రెండు దినముల ముందు గాడ్సే దానిని అక్కడ సంపాదించెనని.

ఇక యువకుని రెండవ వాదము. 1931 డిసెంబరులో గాంధీజీ రోములో ముస్సోలినీని చూచెను గదా, ఆనాటి పగ యేమో యని! ముస్సోలినీ 1945 ఏప్రిల్‌లోనే చంపబడెను. చచ్చినవాడు మూడేండ్లకు పగ తీర్చుకొనునా? మన కాలువలో నొకడు మునిగినచో, కృష్ణ పుట్టిన మహాబలేశ్వరముపై అభియోగము తెత్తుమా?

వెదకవలసిన చోటు దగ్గరనే యున్నది. 1948 జనవరి 20న బిర్లా భవనములో బాంబు ప్రేలినది. మదన్‌లాల్ పహ్వా పట్టుబడెను; సహచరులను గూర్చి కొంత చెప్పెను గూడ. అయినను పది దినములకు, జనవరి 30న, సాయంకాల ప్రార్థనకు పోవుచున్న మహాత్ముని గాడ్సే మూడుమార్లు కాల్చెను. ఢిల్లీకి, బొంబాయికి నడుమ ఆ పది దినములు ఏ కబురు ఎచ్చట నిలిచిపోయెను? సముద్రము దాటి వెదకువారు ఈ ప్రశ్నను గూడ దాటిపోవుదురు. నా బాధ యిదియే. 1966లో నియమింపబడిన జస్టిస్ జీవన్‌లాల్ కపూర్ విచారణ సంఘము దీనిని తరచి చూచి 1969లో నివేదిక సమర్పించెను. ఆ సంపుటములు మన బీరువాలో లేవు. వానిని తెప్పింపవలసినదిగా కార్యదర్శిగారిని ఈ సభాముఖమున కోరుచున్నాను.