గుండె మాత్రతో కలవకూడని మాత్ర

మందుల షాపులో గొంతు తగ్గించి అడిగే మాత్ర ఒకటుంది: సిల్డెనాఫిల్. అంగస్తంభన సమస్యకు 1998లో అమెరికాలో అనుమతి పొందింది. నిజానికి దాన్ని మొదట పరీక్షించింది గుండెనొప్పికి. చిక్కంతా ఆ పుట్టుకలోనే ఉంది.

ఛాతీలో నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ నైట్రేట్ జాతి మందు. రక్తనాళాలను వదులు చేస్తుంది. సిల్డెనాఫిల్‌దీ అదే దారి. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, అదే కోవకు చెందిన టాడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ల జోలికి పోకూడదు. ఆలోగా ఛాతీ నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో డాక్టరుకు చెప్పాలి. ఇంట్లోవాళ్ల ముందు నోరు రాకపోతే వాళ్లను కాసేపు బయట ఉండమనండి, తప్పేం లేదు.

సిల్డెనాఫిల్ ప్రొస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ లాంటివాటితో కలిస్తే, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. ఫంగస్ మందు కీటోకొనజోల్, యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ సిల్డెనాఫిల్‌ను ఒంట్లో త్వరగా అరగనివ్వవు. మోతాదు పెరిగినట్టే అవుతుంది. గ్రేప్‌ఫ్రూట్ రసానిదీ అదే గుణం. పేరు చూసి ద్రాక్ష అనుకునేరు, అది పంపరపనస చుట్టం.

ఇక భోజనం. నెయ్యి కారే బిర్యానీ తిని సిల్డెనాఫిల్ వేసుకుంటే, పని మొదలవడం గంట దాకా ఆలస్యం కావచ్చు. పనిచేయలేదనుకొని రెండోది మింగేవాళ్లుంటారు. రోజుకు ఒకటే! టాడలాఫిల్‌కు భోజనంతో పేచీ లేదు. మద్యంతో మాత్రం రెండింటికీ ఉంది.