కేస్ షీట్‌లో లేని ప్రశ్నలు

ఈరోజు నర్సింగ్ పట్టా అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు. రేపు మీ ముందుకు వచ్చే పాముకాటు గురించి కొన్ని మాటలు చెబుతాను.

ప్రభుత్వాలు అంతగా పట్టించుకోని ఉష్ణమండల వ్యాధుల జాబితా ఒకటి ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర ఉంది. బోదకాలు, కుష్ఠు, గజ్జి, డెంగీ అందులోవే. 2017లో పాముకాటునూ ప్రాధాన్యంతో అందులో చేర్చారు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని పరిశోధకుల అంచనా. అత్యధికులు పల్లెవాళ్లే.

ఎందుకలా అన్నది భద్రాచలం ఏజెన్సీలోని చర్ల, దుమ్ముగూడెం, గుండాల గూడేలకు వెళ్తే తెలుస్తుంది. ఇప్పపువ్వు ఏరాలంటే చీకటితోనే లేవాలి. తునికాకు కోయాలంటే పొదల్లో చెయ్యి పెట్టాలి. గుడిసెలో ధాన్యం ఉంటే ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాము వస్తుంది. మంచం లేనివాళ్లు నేల మీదే పడుకుంటారు. కట్లపాము కాటుకు చాలాసార్లు నొప్పి ఉండదు, గాటూ కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు. ఊపిరి ఆగేలోపు ఆస్పత్రికి చేరాలి. కానీ ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల ఆవాసాలు చాలావరకు రిజర్వు అడవిలో ఉన్నాయి. అక్కడికి రోడ్డు వేయాలన్నా, కరెంటు స్తంభం పాతాలన్నా అటవీ అనుమతి కావాలి. అంతవరకు జెట్టీ (డోలీ) కట్టి రోగిని మోసుకురావడమే.

ముందు మంత్రగాడి దగ్గరికి ఎందుకు వెళ్లారని వాళ్లను కసురుకోకండి. అర్ధరాత్రి పిలిస్తే పలికేది అతనొక్కడే. మన మందు మంచిదే, కానీ దూరంగా ఉంది. ఒకసారి తిట్టు తిన్న కుటుంబం మరోసారి మన గడప తొక్కదు. అతన్నీ శత్రువుగా చూడకండి. కాటు పడ్డవాళ్లను వెంటనే ఆస్పత్రికి పంపమని అతనికే చెప్పండి.

కేస్ షీట్ రాసేటప్పుడు మరో నాలుగు ప్రశ్నలు అడగండి. ఎక్కడ పడుకున్నారు? ఇంట్లో లైటుందా? ఎలా తీసుకొచ్చారు? ఎన్ని రోజుల కూలి పోయింది? ఆ జవాబులు పంచాయతీకి, భద్రాచలంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు (ఐటీడీఏ) చేరేలా చూడండి. మలేరియాకని ఇచ్చిన దోమతెర అంచులు పరుపు కిందికి, పరుపు లేకపోతే చాప కిందికి దోపుకుంటే పాము నుంచీ కాపాడుతుందని ఆశా కార్యకర్తలతో ఇంటింటా చెప్పించండి.

విషానికి విరుగుడు మందు సీసాలో ఉంది. పేదరికానికి విరుగుడు అందులో లేదు. అది అడిగి సాధించాల్సిందే. అడిగే చదువు, అడిగే హక్కు ఇప్పుడు మీకున్నాయి. అడగండి. మీకు శుభం కలగాలి.